మొటిమల గుంటలకి సూదులు సరే, మీద కట్టే ప్యాకేజీ సంగతేంది?

మొన్నామధ్య సత్తెనపల్లి పక్క పల్లె నుంచి ఒక చెల్లి నాకు వాట్సాప్‌లో కాగితం ఫొటో పంపింది. ఏదో క్లినిక్ వాళ్ళు రాసిచ్చిన లెక్క అది. ఆరు సిట్టింగులు. సిట్టింగుకి సూదుల మిషను 2,000, పీఆర్పీ 2,500, గ్లో సీరమ్ 1,500. మొత్తం 36,000. కింద ఒక మాట రాసింది: "అన్నా, మిర్చి డబ్బులు రాగానే కడదామంటంది అమ్మ. ఇందులో ఏది అవసరం, ఏది కాదు?"

ఆ అమ్మ మిర్చి కోతకి పోయిద్ది. కూలి రోజుకి 400 అనుకుందాం. 36,000 అంటే 90 రోజులు ఎండలో వంగిన నడుము. అందుకే ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేకపోయా. నేను డాక్టర్ని కాదు. కానీ చదవడం వచ్చు, అడగడం వచ్చు. చదివింది, అడిగి తెలుసుకుంది మీ ముందు పెడుతున్నా. ఆ చెల్లి ఒక్కదాని సంగతే కాదిది. మొహం మీద గుంటలున్నాయని పెళ్ళిచూపుల్లో మాటలు పడ్డోళ్ళు, ఇంటర్వ్యూకి పోయి తల దించుకున్నోళ్ళు, ఫొటో దిగాలంటే పక్కకి తప్పుకునేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు? "అందం మీద అంత యావేంది" అనేవాళ్ళకి ఆ బాధ తెలియదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ బాధని ఎవరు ఎంతకి అమ్ముకుంటున్నారు?

ముందు సూది ఏం చేసిద్దో చూద్దాం

మొటిమ లోపల చీము పట్టి, వాపు లోతుకి దిగితే చర్మం కింద ఉండే కొల్లాజెన్ అనే పీచు దెబ్బతింటది. పీచు పోయిన చోట పైచర్మం కిందకి దిగుద్ది. అదే గుంట. మైక్రోనీడ్లింగ్ అంటే సన్నటి సూదులున్న రోలరుతోనో, పెన్ను లాంటి మిషనుతోనో చర్మానికి వేల కొద్దీ చిన్న చిల్లులు పెట్టడం. గుంటలకైతే సూది ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల దాకా దిగాలి. ముందు తిమ్మిరెక్కే పూత పూస్తారు. చిల్లు పడ్డాక ఒళ్ళు దాన్ని గాయం అనుకుని మరమ్మతు మొదలుపెడుద్ది, కొత్త పీచు అల్లుద్ది. ఆ అల్లిక నెలల తరబడి సాగుద్ది. అందుకే సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య నెల, నెలన్నర ఎడం ఇస్తారు. అసలు ఫలితం చివరి సిట్టింగు అయిన మూడు, ఆరు నెలలకి గానీ తేలదు. వారంలో నున్నగా అయిద్దని చెప్పేవాడు వాపుని చూపించి నిన్ను మోసం చేస్తున్నాడు. వాపు తగ్గితే గుంట మళ్ళీ కనపడుద్ది.

మన రంగు చర్మానికి ఈ పద్ధతిలో ఒక మేలుంది. పైపొరని కాల్చదు కాబట్టి, చర్మాన్ని కాల్చే లేజర్లతో పోలిస్తే నల్లమచ్చ పడే భయం తక్కువ. కాశ్మీరులో 37 మందికి సూదుల చికిత్స ఒక్కటే చేసి చూసిన స్టడీ 2009లో అచ్చయింది. చివరిదాకా ఉన్న 36 మందిలో 26 మందికి చాలా బాగా గుణం కనిపించింది. గమనించండి, అందులో పీఆర్పీ లేదు, సీరమ్ లేదు. ఉత్త సూదే.

అన్ని గుంటలూ ఒకటి కాదు

ప్యాకేజీ మాట్టాడే ముందు అద్దం దగ్గరికి పోండి. కిటికీ వెలుగు పక్క నుంచి పడేట్టు నిలబడండి.

సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉంటే దాన్ని ఐస్‌పిక్ అంటారు. ఆటలమ్మ పోసినప్పుడు మిగిలే గుంట లాగా అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉంటే బాక్స్‌కార్. అంచు తెలియకుండా చెంపంతా ఎత్తుపల్లాలుగా ఉంటే రోలింగ్. దీన్ని అర్థం చేసుకోవాలంటే దూది పరుపు చూడండి. కుట్టు వేసిన చోట దారం కిందకి లాగి పరుపు గుంటపడుద్ది కదా, అట్టానే చర్మం కింద పీచు తాళ్ళు పైచర్మాన్ని కిందకి లాగి పట్టుకుంటాయి. చాలామందికి మూడూ కలిసే ఉంటాయి. ఏది ఎక్కువో చూసుకోవాలి.

ఇంకో రెండున్నాయి. గుంట లేకుండా ఉత్త నల్లమచ్చో, గోధుమ రంగు మచ్చో ఉంటే దానికి సూది మొదటి మందు కాదు. ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద చాలావరకు అదే తగ్గుద్ది. దవడ మీద, ఛాతీ మీద మచ్చ గుంటపడకుండా పైకి ఉబ్బి గట్టిపడితే అది కెలాయిడ్ కావచ్చు. దాన్ని సూదితో కెలికితే ఇంకా పెరిగే ప్రమాదం ఉంది.

ఇప్పుడు సూదికి తోడు మందుల సంగతి

*పీఆర్పీ.* డెంగ్యూ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఇయ్యాళ పల్లెల్లో తెలియనోళ్ళు లేరు. నీ చేతి నుంచే కొంచెం రక్తం తీసి, మిషనులో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న పసుప్పచ్చ నీళ్ళని వేరుచేస్తారు. సూదులేసిన మొహం మీద పూస్తారు, లేదా లోపలికి ఎక్కిస్తారు. గాయం మానడానికి పనికొచ్చే పదార్థాలు అందులో ఉంటాయి, ఆ మాట నిజమే. ఎంత పనికొచ్చుద్ది అన్నదే తేలాలి.

2016లో మన దేశపు డాక్టర్లు అచ్చేసిన స్టడీ ఒకటుంది. 50 మంది. ఒక చెంపకి సూది, పీఆర్పీ. రెండో చెంపకి సూది, ఉత్త డిస్టిల్డ్ వాటర్. పీఆర్పీ చెంప 62 శాతం బాగుపడింది. నీళ్ళ చెంప 46 శాతం బాగుపడింది. పీఆర్పీ వైపు మెరుగే, కాదనను. కానీ లెక్క ఇంకోసారి చూడండి. 62లో 46 సూది ఒక్కటే తెచ్చింది. అంటే ముప్పావలా పని సూదిది, పావలా పని పీఆర్పీది. ఆ చెల్లి కాగితంలో లెక్క తిరగబడి ఉంది. సూదికి 12,000, మీద వేసే వాటికి 24,000. ముప్పావలా పని చేసేదానికి మూడో వంతు డబ్బులు, పావలా పని కోసం మూడింట రెండొంతులు.

ఇంకో మాట. రక్తం ఎంత తీయాలి, ఎంతసేపు తిప్పాలి అన్నది క్లినిక్‌కీ క్లినిక్‌కీ మారిద్ది. అందుకే కొన్ని స్టడీల్లో తేడా బాగా కనపడింది, కొన్నిట్లో అంతగా కనపడలేదు. డబ్బులుంటే వేయించుకో, లేకపోతే వదిలేయ్. వదిలేసినంత మాత్రాన చికిత్స పాడైపోదు.

*విటమిన్ సి.* పీఆర్పీకీ దీనికీ పోటీ పెట్టి 2014లో ఒక స్టడీ వచ్చింది. 27 మంది నాలుగు సిట్టింగులు పూర్తిచేశారు. ఒక చెంపకి పీఆర్పీ, ఒక చెంపకి విటమిన్ సి. పీఆర్పీ వైపు బ్రహ్మాండంగా బాగుపడింది వందకి 18 మందికి, విటమిన్ సి వైపు 7 మందికి. పెద్దగా గుణం కనపడనిది పీఆర్పీ వైపు 22 మందికి, సి వైపు 37 మందికి. పీఆర్పీదే పైచేయి. అయినా దాంతో కూడా వందలో 22 మందికి పెద్ద ఉపయోగం లేదన్న సంగతి ప్యాకేజీ కాగితం మీద ఎవడూ రాయడు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆన్‌లైన్లో కొన్న సీరమ్‌ని సూదులేసిన మొహానికి పూయొద్దు. పైన రాసుకోవడానికి చేసిన సరుకు, చిల్లుల్లోంచి లోపలికి పోతే ఒళ్ళు దాని మీద తిరగబడుద్ది. సూదుల చికిత్స చేయించుకున్న ముగ్గురు ఆడవాళ్ళకి మొహం మీద గడ్డలు లేచిన సంగతి 2014లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అందులో విటమిన్ సి సీరమ్ పాత్ర తేలింది. లోపలికి పోయే ఏ మందైనా ఇంజెక్షనంత శుభ్రంగా ఉండాలి. "గ్లో సీరమ్" అని రాస్తే సరిపోదు, సీసా మీద పేరు, లోపల ఏముందో చూపించాలి.

*గ్లైకాలిక్ పీల్.* చెరుకు నుంచి కూడా దొరికే ఆమ్లం ఇది. 35 శాతం బలం ఉన్నదాన్ని డాక్టరు మొహానికి పూసి, నిమిషాల లెక్కన ఉంచి కడిగేస్తారు. సూదులేసిన రోజే కాదు, రెండు సిట్టింగుల మధ్యలో. నల్ల చర్మం ఉన్న మనలాంటి వాళ్ళ మీదే చేసిన మన దేశపు స్టడీ 2011లో వచ్చింది. ఉత్త సూదులతో 31 శాతం మెరుగు, పీల్ కూడా తోడైతే 62 శాతం. పైగా నల్లమచ్చ కూడా తగ్గింది. ఆ స్టడీ అంకెల్ని పీఆర్పీ స్టడీ అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు, కొలిచిన పద్ధతులు వేరు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రక్తం తీయక్కర్లేదు, తిప్పే మిషను అక్కర్లేదు. గుంటతో పాటు నలుపు కూడా ఉన్నోళ్ళు డాక్టర్ని ముందు అడగాల్సింది దీని గురించి. పీల్ తర్వాత ఎండలో తిరిగితే మాత్రం లాభం పోయి నష్టం వచ్చుద్ది.

*సబ్‌సిషన్.* పరుపు కుట్టు అన్నాను కదా, ఆ కుట్టు తెంపేది ఇదే. తిమ్మిరి ఇంజెక్షనిచ్చి, చర్మం కిందకి సూది దూర్చి అడ్డంగా కదిపి, లాగి పట్టుకున్న పీచు తాళ్ళని తెగ్గోస్తారు. 1995లో వైద్య పత్రికకెక్కిన పాత పద్ధతే, కొత్త సోకు కాదు. చెంప వారం, రెండు వారాలు కమిలిపోయి ఉంటది. పెళ్ళికో, జాతరకో ముందు చేయించుకోకండి. రోలింగ్ గుంటలున్నోళ్ళకి తాడు తెంపకుండా పైన ఎన్ని పీఆర్పీలు పోసినా, కుట్టు విప్పకుండా పరుపు మీద దుప్పటి మార్చినట్టే.

సబ్‌సిషన్, సూదులు, తక్కువ బలం టీసీఏ పీల్, ఈ మూడూ కలిపి 50 మందికి చేసిన స్టడీ 2014లో వచ్చింది. గుంటలు మరీ ఎక్కువగా, నాలుగో గ్రేడులో ఉన్న 16 మందిలో పది మంది రెండో గ్రేడుకి దిగారు, ఆరుగురు మూడో గ్రేడుకి. బాగా తగ్గాయి. కానీ ఆ పదహారు మందిలో ఒక్కరి మొహం కూడా మొటిమలే రానట్టు అవలేదు. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అని బోర్డు పెట్టినోడికి ఈ ఒక్క సంగతి చూపించండి.

*టీసీఏ క్రాస్.* ఐస్‌పిక్ గుంటలకి సూది పెద్దగా పనిచేయదు. గుంట సూది కన్నా లోతు ఉంటది. దానికి 2002లో కొరియా డాక్టర్లు చెప్పిన దారి ఇది. పుల్ల మొనతో బలమైన ఆమ్లాన్ని ఆ గుంట అడుగున మాత్రమే చుక్క పెడతారు. అడుగు నుంచి పూడుకుంటూ వచ్చుద్ది. మందు ఖరీదు స్వల్పం, చెయ్యి తిరిగిన డాక్టరు ఖరీదైన సంగతి. పక్కకి పాకిందంటే నల్లమచ్చో, పెద్ద గుంటో మిగులుద్ది. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకునే పని అసలే కాదు.

*ఆర్ఎఫ్ సూదులు.* సూది మొన నుంచి లోపల వేడి పుట్టించే మిషను. లోతైన గుంటలకి మంచి ఫలితాలున్నాయి, రేటూ ఎక్కువే. కాలడం, కొత్త మచ్చలు పడటం, చర్మం కింద కొవ్వు కరిగి మొహం లొట్టపోవడం, నరం దెబ్బతినడం లాంటి ఫిర్యాదులు వచ్చాయని అమెరికా ఎఫ్‌డీఏ 2025 అక్టోబరులో హెచ్చరిక ఇచ్చింది. ఇది డాక్టరు చేతిలో ఉండాల్సిన మిషను, పార్లరులో ఉండాల్సింది కాదు.

*ఎక్సోసోములు.* ఇప్పుడు కొత్తగా వినపడే మాట. ఇట్టాంటి సరుకు గురించి ఎఫ్‌డీఏ 2019లోనే జనాన్ని హెచ్చరించింది. పేరు ఎంత కొత్తగా ఉంటే రేటు అంత ఎక్కువ, రుజువు అంత తక్కువ. మన డబ్బులతో ప్రయోగం చేయించుకోవాల్సిన పని మనకి లేదు.

అన్నిటికన్నా ముందు వేయాల్సిన తోడు

ఆ చెల్లికి నేను ఫోన్ చేసి ఒకటే అడిగా: "ఇప్పుడు మొటిమలు వస్తున్నాయా?" వస్తున్నాయంది. "మొహానికి ఏం రాస్తున్నావమ్మా?" మందుల షాపులో అడిగితే ఇచ్చిన క్రీమ్, రెండేళ్ళుగా. ట్యూబు ఫొటో తీసి పంపమన్నా. స్టెరాయిడ్.

బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్. ట్యూబు మీద ఈ పేర్లుంటే అది తెల్లబరిచే క్రీమ్ కాదు, స్టెరాయిడ్. రాసిన నాలుగు రోజులు మొహం నిగనిగలాడుద్ది. నెలల మీద వాడితే చర్మం పల్చబడుద్ది, ఎర్రబడుద్ది, మొటిమలు అదే పుట్టించుద్ది. ఇట్టాంటి 14 రకాల పూతమందుల్ని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారు. మొటిమ పుట్టించేది ఒకడు అమ్ముతుంటే, గుంట పూడ్చేది ఇంకొకడు అమ్ముతున్నాడు. మధ్యలో నలిగేది మిర్చి కూలి. చాలాకాలంగా వాడుతున్నోళ్ళు ఉన్నట్టుండి మానేసినా మొహం మండిపోయిద్ది. డాక్టరుకి చూపించి మానాలి.

మొటిమలు పచ్చిగా ఉన్న మొహానికి సూదులు వేయకూడదు. చీము ఒకచోట నుంచి ఇంకో చోటికి పాకుద్ది. పైగా ఇయ్యాళ ఒక గుంట పూడ్చితే రేపు రెండు కొత్తవి పడతాయి. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టు. ముందు మొటిమలు ఆగాలి. వాటి మందులు ఈ ప్యాకేజీల ముందు ఎంతో చవక. ఒక్క హెచ్చరిక: ఐసోట్రెటినాయిన్ మాత్రలు డాక్టరు చెప్తేనే వేసుకోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకుంటే బిడ్డకి అవకరం వచ్చుద్ది. ఆ మాత్రలు వాడుతున్నట్టయితే సూదులేసే డాక్టరుకి ముందే చెప్పాలి.

రెండోది ఎండ. పల్నాడు ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. సూదులేసిన మొహంతో వారం లోపే పత్తి చేలోకి పోతే, గుంట తగ్గే సంగతి దేవుడెరుగు, నల్లమచ్చ ఖాయం. సన్‌స్క్రీన్ రాసుకోవడం, మొహానికి తలగుడ్డ కట్టుకోవడం రెండూ చేయాలి. పని తప్పనోళ్ళు పనులు తక్కువున్న నెలల్లో పెట్టుకోవడం మేలు.

ఇంట్లో రోలరు, పార్లరులో సూది

ఆన్‌లైన్లో మూడు నాలుగొందలకి రోలరు దొరుకుతుంది. పొట్టి సూదులదైతే గుంట దాకా దిగదు. పొడుగు సూదులదైతే ఇంట్లో వాడటం ప్రమాదం. హాస్టల్లో నలుగురూ ఒకే రోలరు వాడుతున్నారని విన్నా. సూది రక్తం తాగుద్ది. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రక్తంతో పాకుతాయి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో పీఆర్పీతో సూదులు వేయించుకున్న ఆడవాళ్ళకి హెచ్ఐవీ సోకింది. మొదటిది 2018లో బయటపడింది. ఆ దేశపు సీడీసీ విచారించి 2024లో ఆ వివరాలు అచ్చేసింది. అందం కోసం చేసే సూదుల వల్ల హెచ్ఐవీ పాకినట్టు లెక్కకెక్కిన మొదటి ఘటన అది. సూది దిగే చోట చవకకి, పరిచయానికి లొంగొద్దు.

డబ్బు కట్టే ముందు అడగండి

ఒకటి, సూది వేసేది ఎవరు? చర్మవ్యాధుల డాక్టరా, మిషను తిప్పడం నేర్చుకున్న కుర్రోడా? డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటది, అడిగితే చెప్పాలి.
రెండు, నాది ఏ రకం గుంట? ఆ రకానికి ఈ తోడు ఎందుకు?
మూడు, ఈ తోడు వద్దంటే ఏం తేడా వచ్చుద్ది?
నాలుగు, సూదుల కొత్త ప్యాకెట్టు నా కళ్ళ ముందు విప్పుతారా?
ఐదు, ఆరు సిట్టింగుల డబ్బు ఒక్కసారే ఎందుకు కట్టాలి? ఒకటి, రెండు అయ్యాక చూసుకుని కడతా.
ఆరు, మొదటి రోజు ఫొటో తీసి నాకూ ఇస్తారా? బిల్లు ఇస్తారా?

ఇవి అడిగితే విసుక్కునే చోట మొహం పెట్టకండి.

ఇంకొకటి మన పెద్దలని కూడా అడగాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఓపీకి పోండి, ముందు జబ్బేందో తేలుద్ది. కానీ మాచర్ల పిల్ల, గురజాల పిల్లోడు ప్రతిదానికీ గుంటూరు దాకా ఎందుకు పోవాలి? జిల్లా అయి 2022 నుంచి ఇన్నేళ్ళయింది. నరసరావుపేటలో వారానికి ఒక రోజు చర్మం డాక్టరు, ఒక పీల్ సీసా, ఒక సూదుల పెన్ను, ఇవేమన్నా కోట్ల రూపాయల ప్రాజెక్టులా? మొటిమలు ముదరకముందే మందు దొరికితే సగం గుంటలు పడవు. ఈ మాట గ్రామసభలో అనడానికి సిగ్గుపడొద్దు. మొహం కూడా ఒంట్లో భాగమే.

చివరికి ఆ చెల్లి అమ్మని తోడు తీసుకుని గుంటూరు పోయింది. డాక్టరు చెంప లాగి చూసి రోలింగ్ గుంటలే ఎక్కువన్నాడంట. ముందు స్టెరాయిడ్ మాన్పించి, మొటిమలకి మందు రాశాడు. అవి ఆగాక సబ్‌సిషన్, ఆ తర్వాత సూదులు ఆలోచిద్దామన్నాడు. 36,000 కాగితంలో సబ్‌సిషన్ అన్న మాటే లేదు. ఆమెకి అవసరమైన ఒక్కటీ వదిలేసి, అవసరం లేనివన్నీ రాశారు. మిర్చి డబ్బులు ఇంకా అమ్మ దగ్గరే ఉన్నాయి.